విదేశీ ప్రయాణానికి డబ్బు: హైదరాబాద్‌లో మార్చుకోవడం నుంచి మిగిలింది వెనక్కి ఇచ్చేదాకా

వీసా వచ్చేసింది, టికెట్లు అయ్యాయి, సూట్‌కేసులు అటక మీంచి దిగాయి. డబ్బు మార్చుకునే సంగతి మాత్రం చాలామందికి ప్రయాణం ముందురోజు సాయంత్రం గుర్తొస్తుంది. అప్పటికి సిటీలో దుకాణాలు కట్టేసి ఉంటాయి. ఇక శంషాబాద్ ఎయిర్‌పోర్టులో కనిపించిన కౌంటరే గతి, అక్కడ వాళ్లు చెప్పిందే రేటు. ఆ పరిస్థితి రాకుండా ఉండాలంటే పది రోజుల ముందు ఒక పూట కేటాయిస్తే చాలు.

ఒక్క మాట ముందే చెప్పుకుందాం. డాలర్ ఈ రోజు పది పైసలు పెరిగిందా, రేపు ఐదు పైసలు తగ్గుతుందా అని ఫోన్ పట్టుకుని కూర్చోకండి. వెయ్యి డాలర్లు కొనేవాళ్లకు పది పైసల తేడా అంటే వంద రూపాయలు. అసలు డబ్బు కారిపోయేది వేరే చోట: కౌంటర్ వాళ్లు రేటులో కలిపేసుకునే మార్జిన్‌లో, కార్డు మీద బ్యాంకు వేసే మార్కప్‌లో (అదనపు చార్జీలో), అక్కడి షాపులో స్వైపింగ్ మెషీన్ మీద మనం నొక్కే తప్పు బటన్‌లో.

ముందు లెక్క వేసుకోండి

ఫ్లయిట్లు, హోటళ్లు ఇక్కడే రూపాయల్లో కట్టేసి ఉంటే, అక్కడ ఖర్చయ్యేది తిండి, తిరుగుడు, ఎంట్రీ టికెట్లు, షాపింగ్. ఈ మొత్తంలో నోట్లు ఎన్ని, కార్డు ఎంత అనేది మీరు వెళ్లే దేశాన్ని బట్టి ఉంటుంది. సింగపూర్, లండన్ లాంటి చోట్ల నోట్లతో పెద్దగా పని పడదు. లండన్ సిటీ బస్సుల్లో 2014 నుంచి నగదే తీసుకోరు, కార్డు ఆనించి ఎక్కాల్సిందే. వియత్నాం, బాలి, థాయ్‌లాండ్ రోడ్డు పక్క బండ్ల దగ్గరికొస్తే నోట్లు లేకుండా కదల్లేరు.

నా లెక్క ఇది. మొదటి రెండు మూడు రోజుల చిల్లర ఖర్చుకు సరిపడా నోట్లు. అసలు ఖర్చుకు, విదేశీ కరెన్సీ ముందే వేసుకుని వాడే ఫారెక్స్ కార్డు. హోటల్ డిపాజిట్‌కి, ఆపదకు ఒక క్రెడిట్ కార్డు. వీటికి తోడు ఒక డెబిట్ కార్డు. దాన్ని మాత్రం పర్సులో కాకుండా వేరే బ్యాగులో, వీలైతే ఇంట్లో ఇంకొకరి దగ్గర ఉంచండి. పర్సు పోతే కార్డులన్నీ ఒకేసారి పోకూడదు కదా.

నోట్ల రూపంలో తీసుకెళ్లడానికి రిజర్వ్ బ్యాంక్ పరిమితి ఉంది. చాలా దేశాలకు ఒక ప్రయాణానికి మనిషికి 3,000 డాలర్లు, లేదా దానికి సమానమైన వేరే కరెన్సీ. అంతకు మించి కావాలంటే కార్డులో వేసుకోవాలి. హజ్, ఉమ్రా యాత్రికులకు ఈ విషయంలో సడలింపు ఉంది. మన రూపాయలు మనిషికి 25,000 దాకా వెంట తీసుకెళ్లవచ్చు. అంత అక్కర్లేదు గానీ ఒక రెండు మూడు వేలు ఉంచుకోండి. తిరిగొచ్చిన రాత్రి క్యాబ్‌కి, ఇంటికి వెళ్తూ పాల ప్యాకెట్‌కి పనికొస్తాయి.

ఏ కరెన్సీ కొనాలి

దుబాయ్‌కి దిర్హమ్‌లు, ఉమ్రాకు రియాల్‌లు, సింగపూర్‌కి సింగపూర్ డాలర్లు, యూరప్‌కి యూరోలు నేరుగా ఇక్కడే కొనండి. గల్ఫ్‌కి వెళ్లొచ్చే జనం ఎక్కువున్న ఊరు మనది. దిర్హమ్, రియాల్ చేతులు మారుతూనే ఉంటాయి కాబట్టి వాటికోసం వెతుక్కోనక్కర్లేదు. పాత ప్రయాణంలో మిగిలిన డాలర్లు ఇంట్లో ఉంటే వాటినే దుబాయ్ తీసుకెళ్లినా పెద్ద నష్టం లేదు. 1997 నుంచి డాలర్‌కి 3.6725 దిర్హమ్‌ల దగ్గర రేటు కట్టేసి ఉంది. అక్కడి ఎక్స్చేంజ్ వాళ్లు దానికి కాస్త అటూ ఇటూగా ఇస్తారు.

వియత్నాం డాంగ్, ఇండోనేషియా రుపయా లాంటివి ఇక్కడ అడిగితే చాలామంది దగ్గర ఉండవు, ఉన్నా రేటు మండిపోతుంది. వాటికి డాలర్లు తీసుకెళ్లి అక్కడి ఊళ్లో మార్చుకోవడమే మేలు. థాయ్ బాట్ ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. ఇక్కడా దొరుకుతుంది, కానీ బ్యాంకాక్ ఊళ్లోని ఎక్స్చేంజ్ దుకాణాల్లో పెద్ద డాలర్ నోట్లకు మంచి రేటు ఇస్తారు. ఎయిర్‌పోర్టు నుంచి హోటల్ చేరేదాకా సరిపడా బాట్‌లు ఇక్కడ కొని, మిగతాది డాలర్లలో పట్టుకెళ్లండి.

డాలర్లు తీసుకునేటప్పుడు నోట్లు చూసి తీసుకోండి. ఈ విషయంలో మొహమాటం వద్దు. కౌంటర్ మీదే ఒక్కొక్కటి తిప్పి చూడండి. పెన్ను గీతలు, స్టాంపు మరకలు, అంచు చిరుగులు, మధ్యలో లోతుగా మడత పడినవి పక్కన పెట్టి మార్చమనండి. వంద డాలర్ల నోటు మధ్యలో నిలువుగా నీలం పట్టీ ఉంటే అది 2013 నుంచి వచ్చిన కొత్త డిజైన్, అదే అడగండి. బొమ్మ చిన్నగా, గుండ్రటి చట్రంలో ఉన్నవి 1996కి ముందువి. అమెరికాలో అవి చెల్లుతాయి గానీ ఆగ్నేయాసియాలో చాలాచోట్ల తీసుకోరు, తీసుకున్నా రేటు తగ్గిస్తారు. కంబోడియాలో అయితే చిన్న చిరుగు ఉన్నా నోటు వెనక్కి తోసేస్తారు.

పెద్ద నోట్లతో పాటు ఒకటి, ఐదు, పది డాలర్ల నోట్లు ఒక యాభై డాలర్ల విలువకు అడిగి తీసుకోండి. టిప్పులకు, ట్యాక్సీకి పనికొస్తాయి.

ఎక్కడ మార్చుకోవాలి, ఎలా అడగాలి

అబిడ్స్, బేగంపేట, సోమాజిగూడ, బంజారాహిల్స్, సికింద్రాబాద్‌లలో లైసెన్స్ ఉన్న మనీ చేంజర్లు, ట్రావెల్ కంపెనీల ఫారెక్స్ కౌంటర్లు ఉన్నాయి. ఆన్‌లైన్‌లో రేటు లాక్ చేసుకుంటే నోట్లు, కార్డు ఇంటికే తెచ్చిచ్చే సర్వీసులూ ఉన్నాయి. మీ బ్యాంకులోనూ అడగవచ్చు. పెద్ద బ్రాంచీల్లో పని అవుతుంది, కాలనీ బ్రాంచిలో అయితే రెండు మూడు రోజులు ఆగమంటారు. ఎవరి దగ్గర తీసుకున్నా రిజర్వ్ బ్యాంక్ లైసెన్స్ ఉందో లేదో చూసుకోండి. లైసెన్స్ ఉన్న వాళ్ల జాబితా రిజర్వ్ బ్యాంక్ వెబ్‌సైట్‌లో ఉంటుంది.

దుకాణంలో బోర్డు మీద ప్రతి కరెన్సీకి ఎదురుగా రెండు అంకెలు కనిపిస్తాయి. ఒకటి వాళ్లు మన దగ్గర కొనే రేటు, ఇంకొకటి మనకు అమ్మే రేటు. వెళ్లేటప్పుడు మనకు కావాల్సింది అమ్మే రేటు, అంటే రెంటిలో ఎక్కువది. గూగుల్‌లో కనిపించే రేటు ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. అది బ్యాంకుల మధ్య నడిచే టోకు రేటు. దానికే ఇవ్వమని గొడవ పెట్టుకుంటే ఎవరూ ఇవ్వరు. దానికి మీకిచ్చే రేటు ఎంత దూరంలో ఉందో చూసుకోవడానికి మాత్రం అదే కొలబద్ద.

ఇప్పుడు అసలు ప్రశ్న. "డాలర్ రేటెంతండీ?" అని అడగకండి. "వెయ్యి డాలర్లు నా చేతికి రావాలంటే, అన్నీ కలిపి మొత్తం ఎన్ని రూపాయలు కట్టాలి?" అని అడగండి. ఎందుకో చూడండి. గూగుల్‌లో డాలర్ 90 రూపాయలు ఉందనుకుందాం. ఒక దుకాణం 91.20 చెప్పి, వేరే చార్జీ లేదంది. ఇంకో దుకాణం 90.80 అంది, సర్వీస్ చార్జీ 500. చూడగానే రెండోదే చవక అనిపిస్తుంది. మొదటి చోట వెయ్యి డాలర్లకు 91,200, కరెన్సీ మార్పిడి మీద జీఎస్టీ సుమారు 164, మొత్తం 91,364. రెండో చోట 90,800, సర్వీస్ చార్జీ 500, దాని మీద జీఎస్టీ 90, మార్పిడి మీద జీఎస్టీ 163, మొత్తం 91,553. రేటు తక్కువ చెప్పిన చోటే దాదాపు 190 రూపాయలు ఎక్కువ పడింది. అలాగని "జీరో కమిషన్" అని అద్దం మీద రాసుంటే సంబరపడాల్సిన పనీ లేదు. కమిషన్ తీసుకోకపోతే అది రేటులో ఉంటుంది, ఎవరూ ఊరికే దుకాణం పెట్టుకోరు.

ఆ జీఎస్టీ లెక్క కూడా తెలిసుంటే మంచిది. లక్ష రూపాయల లోపు మార్పిడికి, అందులో ఒక శాతాన్ని సర్వీస్ విలువగా తీసుకుని దాని మీద 18 శాతం వేస్తారు. అంటే లక్షకు 180 రూపాయలు. ఎంత తక్కువ మార్చినా కనీసం 45 పడుతుంది. లక్ష దాటితే పై మొత్తానికి శాతం ఇంకా తగ్గుతుంది. కాబట్టి ఎవరైనా "జీఎస్టీ సార్" అంటూ వేల రూపాయలు బిల్లులో వేస్తే ఆగి అడగండి.

రెండు మూడు చోట్లకు ఫోన్ చేసి మొత్తం కనుక్కున్నాక, దగ్గరున్న దుకాణానికి వెళ్లి "ఫలానా చోట ఇంతకిస్తామన్నారు" అనండి. చాలాసార్లు తగ్గిస్తారు. కూరగాయల దగ్గర బేరమాడే మనకు ఇక్కడ ఎందుకో నోరు రాదు!

వెంట తీసుకెళ్లాల్సినవి: పాస్‌పోర్టు, పాన్ కార్డు, వీసా, టికెట్. అక్కడ ఒక ఫారం నింపి సంతకం పెట్టాలి. డబ్బు 50,000 రూపాయల లోపు అయితేనే నగదుగా కట్టవచ్చు, అంతకు మించితే బ్యాంకు ఖాతా నుంచి పంపాలి. రసీదు తప్పకుండా తీసుకోండి. ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వాళ్లు అడిగితే చూపించడానికి, తిరిగొచ్చాక మిగిలింది ఇచ్చేయడానికి అదే ఆధారం.

"రసీదు లేకుండా అయితే రూపాయి తక్కువకిస్తా" అనేవాళ్లు ఊళ్లో ఉంటారు. ఆ జోలికి పోకండి. నోటు దొంగదైతే అడిగే దిక్కుండదు. పైగా అది విదేశీ కరెన్సీ లావాదేవీల మీద ఉన్న ఫెమా చట్టం కిందికి వస్తుంది. లెక్కకు అందే మొత్తానికి మూడింతల దాకా జరిమానా వేయవచ్చని ఆ చట్టంలో ఉంది.

కార్డుల సంగతి

ఫారెక్స్ కార్డులో సుఖం ఏంటంటే, డబ్బు వేసిన రోజు రేటే ఖాయం. ఆ తర్వాత రూపాయి పడినా మీకు టెన్షన్ లేదు. అయితే ఏ కరెన్సీ వేసుకున్నారో అదే ఖర్చు పెట్టాలి. డాలర్లు వేసుకున్న కార్డుని బ్యాంకాక్‌లో గీకితే చాలా కార్డుల్లో డాలర్లను బాట్‌లోకి మార్చినందుకు క్రాస్ కరెన్సీ చార్జీ పడుతుంది. మీరు వెళ్లే దేశపు కరెన్సీ ఆ కార్డులో ఉందా, ఏటీఎంలో తీస్తే ఎంత, మిగిలిన బ్యాలెన్స్ వెనక్కి తీసుకుంటే ఎంత, వాడకుండా వదిలేస్తే నెలవారీ కోత ఉందా అని నాలుగు ప్రశ్నలు కార్డు తీసుకునేటప్పుడే అడగండి.

మామూలు క్రెడిట్, డెబిట్ కార్డుల మీద విదేశీ ఖర్చుకు చాలా బ్యాంకులు 3.5 శాతం మార్కప్ వేస్తాయి. దాని మీద జీఎస్టీ కలిపితే 4.13 శాతం. యాభై వేలు ఖర్చు పెడితే రెండు వేల పైమాటే. మార్కప్ లేని కార్డులు కూడా ఇప్పుడు కొన్ని ఉన్నాయి. ఏటా బయటికి వెళ్లేవాళ్లయితే అలాంటిది ఒకటి తీసుకోవడం లాభమే. కానీ క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో డబ్బు తీయకండి. చార్జీ వేరు, ఆ రోజు నుంచే వడ్డీ వేరు.

హోటల్‌లో చెకిన్ అప్పుడు డిపాజిట్ కోసం కార్డు అడుగుతారు. అక్కడ క్రెడిట్ కార్డే ఇవ్వండి. ఫారెక్స్ కార్డు ఇస్తే ఆ మొత్తాన్ని బ్లాక్ చేస్తారు, ఖాళీ చేశాక కూడా అది విడుదల కావడానికి రోజులు పడుతుంది. ఈలోగా మీ సొంత డబ్బే మీకు అందదు. కారు అద్దెకు తీసుకునేటప్పుడూ ఇంతే.

బయల్దేరే ముందు బ్యాంకు యాప్‌లోకి వెళ్లి అంతర్జాతీయ వాడకం ఆన్ చేయండి. రిజర్వ్ బ్యాంక్ 2020లో పెట్టిన నిబంధన ప్రకారం కొత్త కార్డులు మన దేశంలో వాడకానికే తెరిచి వస్తాయి, విదేశీ వాడకం మనమే ఆన్ చేసుకోవాలి. షాపులో వాడకం, ఏటీఎం, ఆన్‌లైన్ మూడింటికీ వేరువేరు స్విచ్‌లు ఉంటాయి. ఆన్‌లైన్ అవసరం లేకపోతే మూసే ఉంచండి, మిగతావాటికి రోజువారీ పరిమితి పెట్టండి. విదేశీ సైట్లలో చాలావాటికి ఓటీపీ అడగరు, కార్డు నంబరు ఉంటే చాలు. మీ సిమ్ రోమింగ్ కూడా ఆన్ చేసుకోండి, మన బ్యాంకుల ఓటీపీలు దానికే వస్తాయి.

అక్కడ దిగాక

షాపులో బిల్లు కట్టేటప్పుడు మెషీన్ మీ ముందు పెడతారు. తెర మీద రెండు వరసలు వస్తాయి. ఒకటి 2,000 బాట్. ఇంకొకటి రూపాయల్లో, 5,850 అనుకోండి. రూపాయలు కనిపిస్తే మనకు ధైర్యం, అర్థమయ్యే అంకె కదా. వేలు అటే పోతుంది. పక్కన నిలబడ్డ సేల్స్ అమ్మాయి కూడా "ఇండియన్ రుపీస్, ఓకే?" అని నవ్వుతూ అడుగుతుంది. రూపాయలు నొక్కితే మార్పిడి ఆ షాపు తరఫు కంపెనీ తన ఇష్టమొచ్చిన రేటుకు చేస్తుంది. అప్పుడు బాట్ 2.75 రూపాయలు ఉంటే అసలు కావాల్సింది 5,500. ఒక్క నొక్కుకు 350 పోయినట్టే. ఇది చాలక, ఇలా రూపాయల్లో కట్టిన లావాదేవీ మీద మన బ్యాంకుల్లో కొన్ని మళ్లీ ఒక శాతం చార్జీ వేస్తాయి. ఎప్పుడైనా సరే, ఏ దేశంలో ఉన్నారో ఆ దేశపు కరెన్సీనే ఎంచుకోండి. వాళ్లే రూపాయలు నొక్కేస్తే స్లిప్ మీద సంతకం పెట్టకుండా, ఆ లావాదేవీ రద్దు చేసి మళ్లీ చేయమనండి. ఏటీఎంలో కూడా ఇదే తంతు, "మీ కరెన్సీలోకి మార్చమంటారా" అన్న చోట వద్దు అని నొక్కితే డబ్బు ఎలాగూ వస్తుంది.

ఏటీఎంలో తీసేటప్పుడు చిన్న మొత్తాలు పదేపదే తీయకండి. థాయ్‌లాండ్‌లో విదేశీ కార్డుకు ప్రతిసారీ 220 బాట్, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువే, అక్కడి బ్యాంకు కోసుకుంటుంది. రెండు వేల బాట్ చొప్పున ఐదుసార్లు తీస్తే 1,100 బాట్ చార్జీలకే. పది వేలు ఒకేసారి తీస్తే 220తో పోతుంది. జపాన్ వెళ్తే సెవెన్ ఎలెవెన్ దుకాణాల్లోని ఏటీఎంలు వెతుక్కోండి, విదేశీ కార్డులు తీసుకుంటాయి.

యూపీఐ గురించి అందరూ అడుగుతున్నారు. సింగపూర్, యూఏఈ, శ్రీలంక, మారిషస్, నేపాల్, భూటాన్, ఫ్రాన్స్ లాంటి చోట్ల కొన్ని దుకాణాల్లో పనిచేస్తుంది. ముందు యాప్‌లో యూపీఐ ఇంటర్నేషనల్ ఆన్ చేసుకోవాలి. ఉన్న చోట హాయిగా వాడుకోండి, కట్టే ముందు తెర మీద రేటు, చార్జీ చూసుకోండి. కానీ దాని మీదే నమ్మకం పెట్టుకుని ఖాళీ పర్సుతో మాత్రం వెళ్లకండి.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలకు

మన ఊళ్లో ఈ ప్రయాణాలే ఎక్కువ కాబట్టి విడిగా చెప్తున్నాను. పిల్లలు ఎదురొచ్చి తీసుకెళ్తారు, కాబట్టి నోట్లు మూడు నాలుగు వందల డాలర్లు చాలు, అవి కూడా ఇరవైలు, పదులుగా. ఇద్దరూ చెరో కొంత ఉంచుకోండి. దారిలో దోహాలోనో దుబాయ్‌లోనో ఫ్లయిట్ ఆలస్యమైతే టీ, ఇడ్లీకైనా ఉండాలి. ఒక ఫారెక్స్ కార్డు నాన్నగారి పేరు మీద, ఒకటి అమ్మ పేరు మీద తీసుకుని, పిన్ ఇక్కడే ఒకసారి మార్పించి అలవాటు చేయించండి. అమెరికాలో దిగేటప్పుడు కుటుంబం మొత్తం మీద 10,000 డాలర్ల పైన నగదు ఉంటే ప్రకటించాలి. అంత ఎవరూ తీసుకెళ్లరు గానీ, ఫారంలో ఆ ప్రశ్న చూసి కంగారుపడకుండా ముందే చెప్పి పంపండి.

పన్ను కోత

ఒక ఆర్థిక సంవత్సరంలో మనిషికి 2,50,000 డాలర్ల దాకా బయటికి పంపవచ్చు, మైనర్లకు కూడా ఇంతే. సామాన్య టూరిస్టుకు ఆ పరిమితి తగలదు. తగిలేది టీసీఎస్, అంటే డబ్బు అమ్మేటప్పుడే మన దగ్గర ముందుగా వసూలు చేసే పన్ను. నోట్లు, ఫారెక్స్ కార్డు, బ్యాంకు ద్వారా పంపినవి ఒక పాన్ మీద అన్నీ కలిపి ఏడాదిలో 10 లక్షల రూపాయలు దాటితే, ప్రయాణ ఖర్చుల విషయంలో దాటిన మొత్తం మీద 20 శాతం కోస్తారు. ఈ 10 లక్షల హద్దు 2025 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది, అంతకుముందు ఏడే. విదేశాల్లో క్రెడిట్ కార్డు మీద పెట్టిన ఖర్చు ప్రస్తుతానికి ఈ లెక్కలోకి రాదు. టూర్ ప్యాకేజీకి నిబంధన వేరు, ఎంత కోస్తున్నారో ఏజెంటుని బిల్లులో రాసివ్వమనండి. కోసిన డబ్బు పోయినట్టు కాదు. ఆదాయపు పన్ను శాఖ దగ్గర మీ పాన్ మీద ఉండే పన్నుల లెక్కలో కనిపిస్తుంది, రిటర్న్ వేసేటప్పుడు కట్టాల్సిన పన్నులో సర్దుకోవచ్చు, ఎక్కువైతే వెనక్కి వస్తుంది. భార్యాభర్తలు ఎవరి ఖర్చు వాళ్ల పాన్ మీద కొనుక్కుంటే ఇద్దరికీ చెరో 10 లక్షలు.

తిరిగొచ్చాక

నాణేలు ఇక్కడ ఎవరూ కొనరు. అక్కడి ఎయిర్‌పోర్టులోనే కాఫీకో చాక్లెట్లకో ఖర్చు పెట్టేయండి, తక్కువైతే మిగతాది కార్డు మీద కట్టొచ్చు. నోట్లలో 2,000 డాలర్ల విలువ దాకా మళ్లీ ప్రయాణానికని దగ్గర ఉంచుకోవచ్చు. అంతకు మించినది 180 రోజుల్లోపు మనీ చేంజర్‌కి గానీ బ్యాంకుకి గానీ ఇచ్చేయాలి. ఈసారి బోర్డు మీద చూడాల్సింది కొనే రేటు, పాత రసీదు పట్టుకెళ్లండి. వచ్చేటప్పుడు మీ దగ్గర నోట్లే 5,000 డాలర్లు దాటినా, కార్డులు వగైరా అన్నీ కలిపి 10,000 దాటినా, శంషాబాద్ కస్టమ్స్‌లో ఫారం నింపాలి.

డాంగ్, బాట్ లాంటివి ఎక్కువ మిగిలితే అక్కడే, ఊళ్లోనే మార్చేసుకుని రండి, ఇక్కడ రేటు చూసి బాధపడతారు. ఫారెక్స్ కార్డులో మిగిలింది ఏడాదిలో మళ్లీ ప్రయాణం ఉంటే ఉంచేయండి, లేకపోతే ఖాతాలోకి వేయించుకోండి. కార్డుల్లో అంతర్జాతీయ స్విచ్ ఇంటికొచ్చిన రోజే ఆఫ్ చేయండి. తర్వాతి రెండు స్టేట్‌మెంట్లు వరసగా చదవండి. హోటల్ వాళ్లు ఆలస్యంగా వేసే మినీబార్ బిల్లులు, వదలని డిపాజిట్లు వాటిలోనే బయటపడతాయి. తెలియని చార్జీ కనిపిస్తే ఆ రోజే బ్యాంకులో ఫిర్యాదు నమోదు చేసి, నంబరు రాసి పెట్టుకోండి.